పచ్చపొగ ఎందుకమ్మాయ్?

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని. తెనాలి నుంచి అమెరికాలోని కెంటకీ వచ్చిన అత్తగారు అక్కడి ఆయుధాల డిపో సైరన్ విని "ఇక్కడా రైస్ మిల్లు ఉందటే?" అని అడుగుతుంది చూడు, ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిగతాది నాకు ఒళ్లు మండించింది. నీ హీరో ఎర్రబటన్ నొక్కుతాడు, సారిన్ అనే విషం నింపిన ఆఖరి రాకెట్ ఢామ్మని పేలుతుంది, పచ్చపొగ లేస్తుంది, ఘాటు వాసన! సారిన్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు తల్లీ. ఉంటే జనం ముందే పరిగెత్తి బతికిపోయేవాళ్లు. పైగా మీ కెంటకీ బ్లూగ్రాస్ డిపోలో దాన్ని పేల్చలేదు. యంత్రంతో రాకెట్‌కి కన్నం పెట్టి, లోపలి ద్రవాన్ని కార్చి, వేడి వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి దాని విషం విరిచారు. ఒక్కో రాకెట్‌కీ అదే తంతు. అమెరికాలో ఇలా రసాయనాయుధాలని నాశనం చేసే పని 1990లో పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవిలో మొదలై, 2023 జూలై 7న మీ కెంటకీలో ముగిసింది. 30 వేల టన్నుల పైమాటే. రసాయనాయుధాలు ఉండకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2007కే అయిపోవాలి, 2012 దాకా గడువు పెంచినా కాలేదు. కెంటకీలో అయితే వాటిని కాల్చే పొగగొట్టం మా ఇళ్ల పక్కన వద్దని ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. కొలరాడోలోని ప్యూబ్లోలో మస్టర్డ్ అనే ఇంకో రసాయనాయుధాన్ని వేడినీళ్లతో విరిచి, మిగిలిన నీళ్లని సూక్ష్మజీవులకు మేతగా వేశారు. ఇంత సరుకు పక్కన పెట్టుకుని నీకు పచ్చపొగ ఎందుకమ్మా?

పని రాయి. మనవాళ్ల కథల్లో ప్రేమలుంటాయి, చావులుంటాయి, పని మాత్రం ఉండదు.

నేను గుంటూరు దగ్గర పురుగుమందుల కొట్లో గుమాస్తాగా ఆరేళ్లు చేశాను. సారిన్ పుట్టిందీ పురుగుమందు కోసం వెతుకుతున్న జర్మన్ల చేతుల్లోనే, 1938లో. మేం అమ్మిన మోనోక్రోటోఫాస్ దానికి చుట్టమే. రెండిట్లో ఏది ఒంట్లోకి పోయినా ఆస్పత్రిలో పొడిచేది అట్రోపిన్ సూదే. ఆ కొట్టు మీద ఒక కథ రాశాను. పత్తిరైతు డబ్బా మూత పంటితో లాగడం, బకెట్లో మందు కర్రతో కలపడం, ఖాళీ డబ్బా కడిగి ఇంటికి పట్టుకెళ్లడం, అన్నీ కళ్లారా చూసి రాసినవే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ మూడు పేజీలూ కొట్టేసి, చివర్లో రైతు చేత మందు తాగించాడు. కొసమెరుపు లేకపోతే కథేంటండీ అన్నాడు. ఇప్పటికీ ఎవరు కలిసినా ఆ చావునే మెచ్చుకుంటారు. నేను రాయని చావు!

మన దేశమూ 1997లో తన దగ్గర మస్టర్డ్ ఉందని ఒప్పుకుని, వెయ్యి టన్నుల పైచిలుకు సరుకుని 2009కల్లా ఖాళీ చేసింది. ఆ పని చేసినవాళ్ల మీద తెలుగులో ఒక్క కథ నా కంటపడలేదు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని అడిగావు. ముందు ఇది తిరగరాయి. నీ హీరో షిఫ్ట్ దిగి, మాస్కు తీసి, స్నానం చేసి, ఇంటికొచ్చి ఆ అత్తగారి ఎదురుగా కూర్చుంటాడు కదా, ఆ పూట ఆవిడ ఏం వండిందో నువ్వు చెప్పనేలేదు.

ఈసారి ప్రింటు తీసి పంపు. ఫోన్లో చదవలేను.

మీ మాస్టారు