రౌటర్ రోమ్‌మాన్‌లో ఆగిపోతే

చిరంజీవి కార్తీక్‌కి బాబాయి ఆశీస్సులు.

బ్రాంచి రౌటర్ల బాధ్యత నీకు అప్పగించారని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. అవి సిస్కో 2900 సిరీస్‌వి కదా. ఏదో ఒకరోజు కరెంటు పోయి వచ్చాక వాటిలో ఒకటి ‘రోమ్‌మాన్ 1’ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. నెట్ ఎప్పుడొస్తుందని ఆఫీసంతా నీ చుట్టూ చేరితే టెన్షన్ తప్పదు. అప్పుడు కంగారుపడి దేన్నీ చెరపకు. రోమ్‌మాన్ అంటే అసలు సాఫ్ట్‌వేర్ కంటే ముందు లేచే చిన్న బూట్ ప్రోగ్రామ్, అది కనిపించిందంటే బాక్స్ బతికే ఉంది. ఐఓఎస్ ఇమేజ్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఫైలు) దానికి దొరకలేదు, లేదా ఎలా బూట్ కావాలో చెప్పే కాన్ఫిగరేషన్ రిజిస్టర్ దాన్ని అక్కడే ఆగమంది. కాన్ఫిగరేషన్ ఉండేది కరెంటు పోయినా చెరగని ఎన్‌వీర్యామ్ మెమరీలో. ఫైళ్లు ఉండే ఫ్లాష్ మెమరీలో ఇమేజ్ పాడైనంత మాత్రాన అది పోదు.

ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి కన్సోల్ కేబుల్ పెట్టు. స్పీడ్ 9600, ఫ్లో కంట్రోల్ వద్దు. ముందు ‘డిర్ ఫ్లాష్0:’ కొట్టి లోపల ఏముందో చూడు. బిన్ ఫైలు, అంటే ఆ ఇమేజ్, ఉంటే సైజు గమనించు. కాపీ మధ్యలో తెగిన ఫైలు చిన్నదిగా కనిపిస్తుంది. అసలు సైజెంతో తెలిస్తేనే ఆ తేడా పట్టుకోగలవు కాబట్టి అన్నీ బాగున్న ఈ రోజుల్లోనే రాసిపెట్టుకో.

సైజు సరిపోతే ‘బూట్ ఫ్లాష్0:’ పక్కనే ఫైలు పేరంతా ఇవ్వు. ఆ పొడుగాటి పేరును చేత్తో టైప్ చేయొద్దు, పై లిస్టులోంచి కాపీ చేసి పేస్ట్ చెయ్యి. హ్యాష్ గుర్తులు వరసగా పడుతున్నాయంటే ఇమేజ్ ర్యామ్‌లోకి విప్పుకుంటోందన్నమాట. అది పూర్తయ్యేదాకా పవర్ జోలికి పోకు.

ఫ్లాష్ ఖాళీగా ఉంటే ఇమేజ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి ‘యూఎస్‌బీఫ్లాష్0:’ నుంచి బూట్ చెయ్యొచ్చు. అన్ని పెన్‌డ్రైవ్‌లనూ అది గుర్తుపట్టదు, ముందే ఒకటి పరీక్షించి బ్యాగులో ఉంచుకో. రోమ్‌మాన్ నుంచి టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైలు తెచ్చుకునే పద్ధతి) డౌన్‌లోడ్ మాత్రం ఆఖరి మార్గం. మామూలుగా ఇస్తే ఫ్లాష్‌లో ఉన్నదంతా తుడిచేసి రాస్తుంది.

రౌటర్ లేచాక మొదటి కాన్ఫిగరేషన్ డైలాగ్‌లోకి వెళ్తావా అని అడిగితే ‘నో’ అను. వెంటనే ‘షో వెర్షన్’ చివరి లైను చూడు. అక్కడ రిజిస్టర్ విలువ హెక్స్ 2142 ఉంటే ఎవరో పాస్‌వర్డ్ రికవరీ చేసి రిజిస్టర్‌ను అలాగే వదిలేశారని నా అనుమానం. ఆ విలువ ఉన్నప్పుడు దాచిన కాన్ఫిగరేషన్‌ను రౌటర్ చదవదు. ఆ సమయంలో ‘రైట్ మెమరీ’ కొట్టావంటే మంచి కాన్ఫిగరేషన్ మీద ఖాళీది రాసేస్తుంది, అసలు నష్టం అప్పుడే జరుగుతుంది. ముందు స్టార్టప్‌ను (దాచిన కాన్ఫిగరేషన్‌ను) రన్నింగ్‌లోకి (ఇప్పుడు నడుస్తున్నదానిలోకి) కాపీ చేసి, ఆఫ్‌లో ఉన్న ఇంటర్‌ఫేస్‌లకు ‘నో షట్‌డౌన్’ ఇవ్వు.

చేత్తో చేసిన బూట్ ఆ ఒక్కసారికే. ‘బూట్ సిస్టమ్’ లైనులో సరైన ఫైలు పేరు పెట్టు, రిజిస్టర్‌ను మామూలు విలువ హెక్స్ 2102 చెయ్యి, ఇమేజ్ ఎండీ5ను (ఫైలు చెడలేదని తేల్చే చెక్‌సమ్‌ను) సిస్కో ఇచ్చిన విలువతో సరిచూడు. ఆ తర్వాతే సేవ్. కన్సోల్ కేబుల్ తీయకముందే ఒకసారి రీలోడ్ ఇచ్చి, నీ సాయం లేకుండా అదే లేస్తుందో లేదో చూసి బయల్దేరు.

నీ బాబాయి