ఉదాహరణల వరుస చెదరనివ్వకు

చిరంజీవికి,

రాయగడ నుంచి నువ్వు పంపిన ప్రోగ్రాం నిన్న రాత్రి నడిపి చూశాను. తెలుగు, ఒడియా పదపట్టికలను కలిపే పని బాగానే చేస్తోంది. కానీ వాడే పద్ధతి చూపించమని --హెల్ప్ అని కొట్టగానే ఒళ్ళు మండింది. వరుసకొకటిగా నువ్వు రాసిన నాలుగు ఉదాహరణలూ ఒకే పేరాగా ముద్దకట్టి వచ్చాయి. ఒక కమాండ్ ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలియదు. ఒక్కసారైనా తెర మీద చూసుకున్నావా?

పైథాన్‌లోని ఆర్గ్‌పార్స్ అనే లైబ్రరీయే నీ హెల్ప్‌ను తెర మీద పేరుస్తుంది, అది మనం రాసిన వరుసలను పట్టించుకోదు. అన్నిటినీ కలిపేసి, తెర వెడల్పుకు తగ్గట్టు మళ్ళీ విరుస్తుంది. ఆ పేర్పును నడిపే ఫార్మాటర్‌గా రాడిస్క్రిప్షన్‌హెల్ప్‌ఫార్మాటర్ ఇస్తే మొదటి పరిచయాన్నీ చివరి ఎపిలాగ్‌నీ ముట్టుకోదు. ఉదాహరణలు ఆ ఎపిలాగ్‌లో పెట్టు. రాటెక్స్ట్‌హెల్ప్‌ఫార్మాటర్ జోలికి మాత్రం పోకు. అది ఆప్షన్ల వివరణలను కూడా విరవడం మానేస్తుంది, ఇరుకు తెర మీద అవి ఎడమ అంచుకు జారిపోతాయి. క్లిక్ అనే ఇంకో లైబ్రరీకి మారనా అని అడిగావు. అదీ పేరాలను ఇలాగే కలుపుతుంది, బ్యాక్‌స్లాష్ బి పెట్టిన పేరాను మాత్రమే వదులుతుంది.

హెల్ప్ అడిగే మనిషి తీరిగ్గా చదవడానికి రాలేదు, చేతిలో పని ఆగిపోయి వచ్చాడు. తన పనికి దగ్గరగా ఉన్న ఒక్క వరుస కోసం వెతుకుతాడు. అది దొరికితే కాపీ చేసుకుని, ఫైలు పేరు మార్చి నడిపిస్తాడు. ఈ ఒక్క మాట కోసం ఎడిటర్లతో 20 ఏళ్ళు పోట్లాడాను. ఒకప్పుడు ఒక సంస్థకు నీటి పంపుల వాడుక పుస్తకం రాశాను. నీళ్ళు నింపడం ఒక వరుస, మీట నొక్కడం ఒక వరుస. కాగితం కలిసొస్తుందని వాళ్ళ ఎడిటర్ అన్నీ కలిపి పేరా చేశాడు. గుణుపురం దగ్గర ఒక ఆపరేటరుకు ముందు నీళ్ళు నింపాలన్న మాట కంటపడలేదు, పంపు పాడైంది. ఆ రాత్రి అతను ఫోనులో ఆ పేరా చదివి, "ఇందులో ఎక్కడుందండీ?" అని అడిగిన గొంతు ఇంకా వినిపిస్తుంది. ఆ ఎడిటర్‌ని నేను క్షమించలేదు.

ఇక, "ఫైలు నామమును సమర్పించవలెను" అని రాశావే! నీ హెల్ప్‌ను నేను చదువుతున్నది పర్లాకిమిడిలో. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసిన మనిషి ఆయన. "ఫైలు పేరు ఇవ్వండి" అంటే చాలు. ఆప్షన్ పక్కన "నిక్షిప్తపత్రం" అనే పెద్ద మాటా తీసెయ్. లైబ్రరీ వెడల్పును కోడ్ పాయింట్లలో, అంటే అక్షరాన్ని కట్టే యూనికోడ్ ముక్కల్లో లెక్కిస్తుంది. 'క్షి' మన కంటికి ఒక అక్షరం, దానికి నాలుగు. నీ రెండో నిలువు వరుస వంకరపోయింది అందుకే.

రంగుల సంగతి తరువాత. తెరను 60 అక్షరాల వెడల్పుకు కుదించి, మళ్ళీ హెల్ప్ అడిగి, వచ్చింది వచ్చినట్టే నాకు పంపు.