మోకాలి ఆపరేషన్‌లో బలం కొలవడం కూడా ఒక కెరీరేనా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. మోకాలికి కీహోల్ సర్జరీ చేసేటప్పుడు డాక్టర్ చేతిలోని పరికరం లోపల ఎంత బలంగా నొక్కుతోందో కొలిచే సెన్సర్ల మీద పనిచేస్తానంటోంది. దానికోసం విదేశాల్లో ఎంఎస్ అంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా, లేక సాఫ్ట్‌వేర్‌కే వెళ్లమని నచ్చజెప్పమంటారా?"

అమ్మా, ఉన్నమాట ముందే చెప్పేస్తాను. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తే మాత్రం దొరకదు. అలాగని మీ అమ్మాయి గాలిలో మేడలు కడుతోందనీ అనను. తను అడుగుతున్నది కొలతల పని, దానికి వైద్యం ఒక రంగం మాత్రమే. ఇది ఇంట్లో అందరికీ అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆర్థ్రోస్కోపీలో, అంటే మీరన్న కీహోల్ సర్జరీలో, మోకాలి కీలును సెలైన్‌తో నింపి, ఒక చిన్న రంధ్రంలోంచి సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉండే కెమెరా గొట్టాన్ని, ఇంకో రంధ్రంలోంచి పరికరాన్ని పంపుతారు. వేలితో తాకి చూసే వీలుండదు కాబట్టి ప్రోబ్ అనే చిన్న హుక్కుతో, కీలు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌ను లాగి, నొక్కి, చిరిగిందా లేదా అని తేల్చుకుంటారు. చెయ్యి కాస్త బరువుగా పడిందంటే మృదులాస్థి గీసుకుపోతుంది, అది తిరిగి సరిగ్గా పెరిగే రకం కూడా కాదు. లోపల సందు తెరుచుకోవడానికి కాలిని పక్కకు వంచేటప్పుడు మరీ గట్టిగా తోస్తే మోకాలి లోపలివైపు లిగమెంట్ చిరిగే ప్రమాదం కూడా ఉంది. పక్కన నిలబడిన జూనియర్ డాక్టర్‌కి తెర మీద అన్నీ కనిపిస్తాయి గానీ సీనియర్ ఎంత నొక్కుతున్నారో మాత్రం కనిపించదు. అందుకే శిక్షణ కోసం తయారుచేసే మోకాలి నమూనాల్లో, పరికరాల్లో సెన్సర్లు పెట్టే పరిశోధన మొదలైంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లతో కలిసి దీని మీద చాలా పని చేశారు.

కష్టమంతా సెన్సర్‌ను ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఉంది. పిడి దగ్గర పెడితే తేలిక, కానీ రంధ్రం దగ్గర చర్మం, కీలు పొర పరికరాన్ని పట్టేసుకుంటాయి, దాంతో పిడి దగ్గర వచ్చే అంకె ఒకటి, లోపల మెనిస్కస్ మీద పడే బలం ఇంకొకటి అవుతుంది. కొన దగ్గర పెడదామా అంటే చోటు లేదు, చుట్టూ కరెంటు పారే ఉప్పునీరు, ఆపైన ప్రతిసారీ 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో స్టెరిలైజ్ చేయాలి, స్ట్రెయిన్ గేజ్‌ను, అంటే లోహం సాగడాన్ని పసిగట్టే పలచని సెన్సర్‌ను, అంటించిన జిగురు దాన్ని ఎన్నిసార్లు ఓర్చుకుంటుంది చెప్పండి! కరెంటు బెడద లేని గాజు ఫైబర్ సెన్సర్లున్నాయి, బ్రాగ్ గ్రేటింగ్ అంటారు. అవి బలానికే కాదు, వేడికీ స్పందిస్తాయి. చల్లటి సెలైన్ తగిలితే చాలు, ఎవరూ నొక్కకపోయినా రీడింగ్ కదులుతుంది. ఆ రీడింగ్‌లో వేడి వల్ల వచ్చిందెంత, బలం వల్ల వచ్చిందెంత అని విడదీయడం మళ్లీ వేరే పని.

ఇప్పుడు అమ్మాయికి నా మాటగా ఇది చెప్పండి. ఎంఎస్ సంగతి తర్వాత, ముందు ఇంట్లో బల్ల మీద ఒక చిన్న ప్రయోగం చెయ్యమనండి. బరువు కొలిచే చిన్న లోడ్ సెల్స్ రెండు, వాటి సిగ్నల్‌ను అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డులు రెండు, ఆ అంకెల్ని చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునో ఒకటి, ఇంతే. ఒక లోడ్ సెల్ మీద మెత్తటి రబ్బరు ముక్క పెట్టాలి, రెండోదాన్ని ఒక సన్నటి కడ్డీకి పిడి దగ్గర బిగించాలి. పాత సైకిల్ ట్యూబ్ ముక్కను మధ్యలో సాగదీసి కట్టి, దానికి చిన్న చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి కడ్డీని దూర్చి కింది రబ్బరును నొక్కాలి. రెండు అంకెలూ కలవవు. ట్యూబ్ బిగువు పెంచితే తేడా ఇంకా పెరుగుతుంది, కడ్డీని వెనక్కి లాగేటప్పుడు తేడా తిరగబడుతుంది. 100 గ్రాముల బరువు పెడితే దాదాపు 1 న్యూటన్ కాబట్టి క్యాలిబ్రేషన్‌కి, అంటే రీడింగ్‌ను తెలిసిన బరువుతో సరిచూసుకోవడానికి, కిరాణా కొట్టు తూకంరాళ్లు సరిపోతాయి. ల్యాబ్‌లో మార్కుల కోసం చేసిన వీట్‌స్టోన్ బ్రిడ్జ్ (నిరోధంలో అతి చిన్న మార్పును కొలిచే సర్క్యూట్) దేనికో అప్పుడు తెలుస్తుంది.

ఆ కలవని అంకెల్ని చూసి చిరాకుపడితే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడమే మేలు, అందులో నామోషీ ఏమీ లేదు. ఎందుకు కలవలేదో తేలేదాకా అన్నానికి పిలిచినా రాకపోతే మాత్రం అడ్డు చెప్పకండి.

ఉద్యోగాల మాటకొస్తే, వైద్య పరికరాల తయారీ, వాటి టెస్టింగ్, క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లు, సర్జికల్ రోబోలు, శిక్షణ సిమ్యులేటర్లు, ఇవన్నీ ఈ నైపుణ్యం అడిగేవే. మనకు దగ్గర్లో విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉన్నాయి, ఇంటర్న్‌షిప్‌కి అక్కడి కంపెనీలకు నేరుగా రాయమనండి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. పైథాన్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ ఎలాగూ నేర్చుకోవాల్సిందే, కాబట్టి రేపు మనసు మారినా ఆ చదువు వృథా పోదు.

పై చదువుకి గేట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపర్ ఉంది, 2020 నుంచి బయోమెడికల్ పేపర్ కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థకు వైద్య పరికరాలు తయారుచేసిన చరిత్ర ఉంది. ఎవరు ఏ పేపర్ అడుగుతారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఎంఎస్ ఎటూ పారిపోదు. ఆ బల్ల మీది ప్రయోగం, ఒక ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేదాకా ఇల్లు తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్‌కి సంతకం మాత్రం చేయకండి.