బ్రిటన్‌లో చెప్పే ‘నల్లకుక్క దెయ్యం’ కథ ఏమిటి?

ఒక్క కథ కాదు, ప్రాంతానికో కుక్క ఉంది. యార్క్‌షైర్‌లో బార్గెస్ట్, మ్యాన్ దీవిలోని పీల్ కోటలో మాడీ డూ, తూర్పు ఇంగ్లండ్‌లో బ్లాక్ షక్. దూడంత ఒళ్లు, నిప్పుకణికల్లాంటి కళ్లు. రాత్రిపూట నిర్మానుష్యమైన దారుల్లో, శ్మశానాల దగ్గర కనిపిస్తుందనీ, కనిపిస్తే చావు కబురేననీ నమ్మేవారు. ‘షక్’ అనే పేరు దెయ్యం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట ‘స్కుక్కా’ నుంచి వచ్చిందని చాలామంది అంటారు.

అన్నిటికంటే పేరుమోసింది 1577 ఆగస్టు 4 నాటి కథ. ఆ రోజు తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో పెద్ద గాలివాన. బంగీ ఊరి చర్చిలోకి నల్లకుక్క దూసుకొచ్చి ఇద్దరిని చంపిందని అబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత కరపత్రం వేశాడు. అదే రోజు దగ్గర్లోని బ్లైత్‌బరో చర్చిలోనూ మనుషులు చనిపోయారట. అక్కడి తలుపు మీద కాలిన మచ్చలను ఇప్పటికీ దాని గోళ్ల గుర్తులని చూపిస్తారు. నన్నడిగితే అది పిడుగుపాటే! బంగీ వాళ్లు మాత్రం ఆ కుక్కను ఊరి చిహ్నంలోనే పెట్టుకున్నారు, కింద మెరుపుతో సహా.

అన్నీ చెడ్డవి కూడా కావు. సోమర్‌సెట్‌లో ‘గర్ట్ డాగ్’ పిల్లలకు కాపలా కాస్తుందట.