కుర్చీ దిగినవాడి అధికారం ఎటు పోయింది?

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. నగర కౌన్సిల్ సభ్యులు ఎవరైనా రెండు టర్ములకు మించి పదవిలో ఉండకూడదని నీ వాదన. దానితో నాకు పేచీ లేదు. చాలావరకు నాదీ అదే మాట. కానీ మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. మిగతా పేరాలన్నీ ఆ తీర్పుకు వంత పాడుతూ కూర్చున్నాయి. పాతుకుపోయిన నాయకులు, కొత్త నెత్తురు, ప్రజాస్వామ్య స్ఫూర్తి లాంటి మాటలు పక్కన పెట్టి చూస్తే, నీ వ్యాసంలో ఒక్క కౌన్సిలర్ కూడా కనిపించడు. ఒక్క సమావేశం లేదు, ఒక్క తీర్మానం లేదు. అసలు ఆ పదవిలో ఉన్నవాళ్లు రోజూ ఏం చేస్తారో తెలియకుండా, ఎన్నాళ్లు ఉండాలో పాఠకుడు ఎలా తేల్చుకుంటాడు?

ముందు అది రాయి. కౌన్సిలర్ దేశ విధానాలు రాసేవాడు కాడు. ఏ భూమిలో ఇళ్లు కట్టొచ్చు, ఎక్కడ అంతస్తులు పెంచొచ్చు, చెత్త ఎత్తే కాంట్రాక్టు ఎవరికి దక్కాలి, ఏ రోడ్డు ముందు వేయాలి అన్న దగ్గర చేయి ఎత్తేవాడు. ఒక్క ఓటుతో ఎవరో ఒకరి స్థలం విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయినా ఈ ఎన్నికలకు పెద్దగా ప్రచారం ఉండదు, చాలా నగరాల్లో పోలింగ్ కూడా తక్కువే. బ్యాలెట్ మీద తెలిసిన పేరు కనిపిస్తే దానికే వేసి వచ్చేస్తారు. "నచ్చకపోతే ఓటరే ఓడిస్తాడు, వేరే పరిమితి ఎందుకు?" అని అడిగేవాళ్లకు నువ్వు చెప్పాల్సిన జవాబు ఇక్కడే ఉంది. ఓడించడానికి కావాల్సిన సమాచారం, పోటీ రెండూ ఈ స్థాయిలోనే బాగా పలచగా ఉంటాయి.

షికాగోలో కౌన్సిలర్లకు టర్ముల పరిమితి లేదు. అక్కడ ఎడ్వర్డ్ బర్క్ 1969 నుంచి 2023 దాకా, అంటే 54 ఏళ్లు, కౌన్సిల్‌లో ఉన్నాడు. దశాబ్దాల పాటు ఫైనాన్స్ కమిటీ అతని చేతిలోనే ఉంది. నగరంలో పని పడినవాళ్లు ఆస్తి పన్ను తగ్గించమని వేసే అప్పీళ్ల పనిని తన లా ఆఫీసుకు తెచ్చేలా పదవిని వాడుకున్నాడన్న కేసులో 2023 డిసెంబరులో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. ఈ ఉదాహరణ దొరకగానే నీకు సంబరంగా ఉంటుంది. వాడుకో, కానీ దాని మీదే ఇల్లు కట్టకు. ఏళ్ల తరబడి పదవిలో ఉండి చేతికి మసి అంటనివాళ్లు ఉన్నారు, మొదటి టర్ములోనే పట్టుబడినవాళ్లూ ఉన్నారు. బర్క్ కథలో గమనించాల్సింది ఏళ్ల లెక్క కన్నా, ఒకే కమిటీ ఒకే మనిషి చేతిలో అన్నాళ్లు ఉండటం.

ఇప్పుడు రెండో వైపు. నీ వ్యాసం ఈ వైపు తొంగి కూడా చూడలేదు. కొత్తగా గెలిచిన సభ్యురాలు మొదటి బడ్జెట్ సమావేశంలో కూర్చుందనుకో. ముందు వందల పేజీల బడ్జెట్ పుస్తకం. రోడ్ల మరమ్మతుల కింద గత ఏడాది కేటాయించిన మొత్తం ఒక నిలువు వరుసలో, ఖర్చయినది మరో వరుసలో ఉంటాయి. రెండింటికీ చాలా తేడా ఉంది. మిగిలిన సొమ్ము ఏ పద్దులోకి వెళ్లిందని అడుగుతుంది. ఆర్థిక విభాగం అధికారి మర్యాదగా, "అది సర్దుబాటులో పోయిందండీ, ఏటా ఉండేదే" అంటాడు. ఆమె తల ఊపి పేజీ తిప్పుతుంది. పదేళ్లుగా ఆ బడ్జెట్ చూస్తున్న సభ్యుడైతే అక్కడే ఆగేవాడు. ఏ సర్దుబాటు, ఎవరి ఉత్తర్వు, ఏ నెలలో అని నిలదీసేవాడు. ఆమెకు ఆ ప్రశ్నలు వచ్చేసరికి మొదటి టర్ము సగం అయిపోతుంది. రెండో టర్ము చివరికి వచ్చేసరికి పరిమితి ఇంటికి పంపేస్తుంది. అధికారి మాత్రం అదే కుర్చీలో ఉంటాడు. కాంట్రాక్టరూ ఉంటాడు. నిర్ణయాలు తనవాళ్లకు అనుకూలంగా రావాలని సభ్యుల చుట్టూ తిరిగే లాబీయింగ్ మనిషికైతే ఎన్నికే లేదు.

అమెరికా రాష్ట్రాల శాసనసభల్లో ఈ పరిమితులు పెట్టాక ఏం జరిగిందో పండితులు చాలానే పరిశీలించారు. సభ నుంచి పలుకుబడి గవర్నర్ వైపు, అధికార యంత్రాంగం వైపు జరిగిందన్నది వాళ్లలో చాలామంది తేల్చిన సంగతి. నగర కౌన్సిల్‌కు అది అచ్చంగా అలాగే వర్తిస్తుందని రాయకు, కానీ ఆ ప్రశ్న అడగకుండా వ్యాసం ముగించకు. ఒక మనిషి కుర్చీ దిగితే అతని అధికారం ఆవిరైపోదు, ఎవరో ఒకరి చేతికి వెళ్తుంది. ఎవరి చేతికో వెతకడమే నీ పని. నీకు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఇక ఈ విషయం మీద రాసేవాళ్లు తప్పకుండా చదవాల్సిన కథ న్యూయార్క్‌ది. 1993లో అక్కడి ఓటర్లు మేయర్‌కు, కౌన్సిల్ సభ్యులకు వరసగా రెండు టర్ములే అని రెఫరెండంలో ఆమోదించారు. 1996లో దాన్ని మూడుకు పెంచుకుందామని కౌన్సిల్ మళ్లీ ఓటర్ల ముందు పెట్టింది. వద్దన్నారు. రెండుసార్లు ప్రజలు మాట చెప్పాక, 2008 అక్టోబరులో మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఆర్థిక సంక్షోభాన్ని కారణంగా చూపి మూడో టర్ముకు దారి అడిగాడు. ఈసారి ఓటర్లను అడగలేదు. కౌన్సిల్ తానే చట్టం మార్చేసింది. 51 మందిలో 29 మంది సరే అన్నారు, 22 మంది కాదన్నారు. చేయి ఎత్తినవాళ్లలో చాలామంది 2009 చివర పదవి దిగాల్సినవాళ్లే. తమ పదవిని పొడిగించుకోవడానికి తామే ఓటేసుకున్నారన్నమాట. బ్లూమ్‌బర్గ్ మూడోసారి గెలిచాడు, కానీ తేడా 5 శాతం కూడా లేదు. 2010లో ఓటర్లు మళ్లీ రెండు టర్ములకే తెచ్చారు.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. నువ్వు ఆ 2010 సవరణ లోపలికి వెళ్లు. అప్పటికే ఎన్నికై ఉన్న సభ్యులకు మూడో టర్ము అవకాశం అందులో అలాగే మిగిల్చారు. దాంతోపాటు మరో మంచి షరతు చేర్చారు: పదవిలో ఉన్నవాళ్ల టర్ముల పరిమితిని కౌన్సిల్ తనంతట తాను ఇక మార్చకూడదు. నా దృష్టిలో మొత్తం చర్చకు ప్రాణం ఈ షరతే. పరిమితి రెండా, మూడా అన్నదాని మీద మంచివాళ్లు కూడా విడిపోవచ్చు. తాను ఎన్నాళ్లు ఉండాలో తానే రాసుకునే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు. నీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం లేకపోవడం నాకు బాధ కలిగించింది.

లాస్ ఏంజెలెస్‌ సంగతి కూడా చూడు. 2006లో అక్కడ టర్ములను రెండు నుంచి మూడుకు పెంచే ప్రతిపాదనను లాబీయింగ్, నైతిక నియమాల సవరణలతో కలిపి ఒకే ప్రశ్నగా బ్యాలెట్‌లో పెట్టారు. అది గెలిచింది. నైతిక నియమాలు బిగిస్తామంటే వద్దనేవాడు ఎవడు? అందుకే బ్యాలెట్‌లో అచ్చయిన వాక్యాన్ని పూర్తిగా చదవకుండా "ప్రజలు కోరుకున్నారు" అని ఎప్పుడూ రాయకు.

ఇదంతా అమెరికా గొడవ అనుకునేవాళ్లకు తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు చూపించు. చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో, 919, 921 సంవత్సరాల్లో వేయించినవి. గ్రామసభ కమిటీలకు 30 వార్డుల నుంచి కుండలో ఓలలు, అంటే పేర్లు రాసిన తాటాకు చీటీలు, వేసి, ఒక చిన్న పిల్లాడి చేత తీయించి సభ్యులను ఎంచుకునేవాళ్లు. పదవి 360 రోజులు. అంతకుముందు మూడేళ్లలో కమిటీలో ఉన్నవాడికి ఓల వేయరు. లెక్కలు అప్పజెప్పకుండా దిగిపోయినవాడికీ లేదు, అక్కడితో ఆగకుండా వాడి బంధువులకూ లేదు. ఏ బంధువులో వరసలు పెట్టి మరీ చెక్కించారు: మేనమామ కొడుకులు, మేనత్త కొడుకులు... ఒకడు దిగి తనవాణ్ణి కూర్చోబెడితే పరిమితి ఉత్తుత్తిదే అవుతుందని వాళ్లకు అప్పుడే తెలుసు. పొలం, ఇల్లు ఉన్నవాళ్లకే ఆ కుండలో చోటు దొరికేదన్నది కూడా దాచకుండా రాయి. ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్ 500 మంది మండలిలోనూ ఒక పౌరుడు జీవితంలో రెండుసార్లకు మించి కూర్చునేవాడు కాదు, కానీ దానికి ఒక వాక్యం చాలు.

మన రాజ్యాంగంలో 74వ సవరణ మున్సిపాలిటీకి ఐదేళ్ల గడువు పెట్టింది, సభ్యుడికి మాత్రం టర్ముల పరిమితి పెట్టలేదు. రిజర్వుడు వార్డులు రొటేషన్‌లో మారే వీలు ఉండటంతో, ఉన్న కార్పొరేటర్‌కు అదే వార్డు మళ్లీ దక్కుతుందన్న నమ్మకం ఉండదు. ఆ నమ్మకం లేనివాడు మూడేళ్లు పట్టే డ్రైనేజీ పనికి పూనుకుంటాడా, వెంటనే కనిపించే రంగులకూ బోర్డులకూ ఖర్చు పెడతాడా? దీన్ని నువ్వు వెళ్లి చూసి రాస్తే, అదే ఒక వ్యాసం.

నేను ఏ పక్షమంటావా? పరిమితి ఉండాలి. పని నేర్చుకుని, నేర్చుకున్నది జనానికి ఉపయోగపడేంత వ్యవధి, అంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు, ఇవ్వాలి. జీవితకాల నిషేధం వద్దు, ఒక టర్ము విరామం తర్వాత మళ్లీ పోటీ చేయనివ్వాలి. పరిమితి పెట్టే చోట సభ్యులకు సొంతంగా లెక్కలు చూసిపెట్టే సిబ్బందిని కూడా ఇవ్వాలి, లేకపోతే ఆ బడ్జెట్ పేజీ తిరిగిపోతూనే ఉంటుంది. ఇవి నా అభిప్రాయాలు. నువ్వు వీటిని నీ వ్యాసంలోకి ఎత్తుకోవద్దు.

తిరగరాసేటప్పుడు ఒక్క నగరం, ఒక్క తీర్మానం తీసుకో. దాని మీద ఓటేసిన పాత సభ్యుడితో, అతని స్థానంలోకి వచ్చిన కొత్తామెతో, వాళ్లిద్దరి హయాంలోనూ ఫైలు మోసిన గుమాస్తాతో మాట్లాడు. గుమాస్తా దగ్గర ఎక్కువసేపు కూర్చో. ముగ్గురి మాటా ఒకటే అయితే నీకు ఇంకా అసలు సంగతి దొరకలేదని అర్థం. సమావేశపు మినిట్స్ కాపీ అడిగి తీసుకో, ఇవ్వకపోతే ఎవరు ఇవ్వలేదో అదీ రాయి. ఈ పని చేశాక నీ అభిప్రాయం మారితే టెన్షన్ పడకు. ఎక్కడ మారిందో ఆ చోటును చెరిపేయకుండా వ్యాసంలోనే ఉంచు. కొత్త ప్రతి ఈ నెలాఖరులోగా పంపితే, మార్జిన్లలో రాసి తిరిగి పంపిస్తాను.

నీ మేలు కోరే
అన్నయ్య