నికాన్ డి750 వదిలి జడ్6 టూకి మారాలా?

పెళ్ళి ఫొటోలకి డి750 (డీఎస్ఎల్ఆర్ కెమెరా)తో 50ఎంఎం 1.8డి, 24-120 ఎఎఫ్-ఎస్ లెన్సులు వాడుతున్నానని, మిర్రర్‌లెస్ కెమెరా జడ్6 టూకి మారాలా అని అడిగారు కదా, బాడీ (కెమెరా) కంటే ముందు లెన్సుల లెక్క చూసుకోండి. ఈ పాత లెన్సుల్ని జడ్6 టూకి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో, 1.8డి లాంటి లెన్సుల ఫోకస్‌ని తిప్పే స్క్రూ మోటార్ లేదు. అందుకే 50ఎంఎం 1.8డిని (50డి) చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. 24-120లో మోటార్ లోపలే ఉంది కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు.

రెండు కెమెరాలూ 24 మెగాపిక్సెళ్ళే. కొత్తగా వచ్చేది కంటిని పట్టుకునే ఫోకస్, బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దేది). మండపంలో ఇవి నిజంగా పనికొస్తాయి.

జడ్6 టూలో బ్యాటరీ మాత్రం త్వరగా ఖాళీ అవుతుంది: కంపెనీ లెక్కలో ఒక్క ఛార్జింగ్‌కి డి750కి 1230 షాట్లు, దీనికి వ్యూఫైండర్‌తో 340. బ్యాటరీలు మూడైనా ఉంచుకోండి. ఒక కార్డు స్లాటు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ (ఎస్‌డీ కాని వేరే రకం మెమరీ కార్డు), ఆ ఖర్చూ కలుపుకోండి. ఎల్ఈడీ లైట్ల కింద సైలెంట్ షట్టర్ పెడితే ఫొటోలో చారలు పడొచ్చు. మెకానికల్ షట్టర్‌లో 1/100 సెకను దగ్గర ఉంచండి.

డి750ని ఇప్పుడే అమ్మకండి, రెండో బాడీగా ఉండనివ్వండి. 50డికి ఆటోఫోకస్ కావాలంటే అదే దిక్కు.