48 ఏళ్ళ వయసులో, కర్నూలులోనే ఉండి సినిమా మొదలుపెట్టవచ్చా? మా అనంతపురం మిద్దె మీది అనుభవం

మీరు అడిగింది ఇది: వయసు 48, కర్నూలులో ఉద్యోగం, చిన్న సినిమాలు తీయాలని ఎప్పటినుంచో కోరిక, హైదరాబాద్ వెళ్ళే వీలు లేదు, ఊళ్ళో సినిమా తెలిసినవాళ్ళూ లేరు. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా అని.

మొదలుపెట్టండి. నేను కెమెరా పట్టింది 46వ ఏట. అనంతపురంలో ఒక నూనె మిల్లులో ఇరవై ఏళ్ళు లెక్కలు రాశాను. పిల్లల చదువులు ఒక దారికొచ్చాక, చీటీ డబ్బులతో సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. ఇప్పుడు 55. ఆరు చిన్న సినిమాలు తీశాను. వయసు గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. మీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్నది ‘ఊళ్ళో సినిమా తెలిసినవాళ్ళు లేరు’ అన్న మాట. నేనూ అట్లాగే అనుకుని రెండేళ్ళు పోగొట్టుకున్నాను.

మొదటి సినిమా శింగనమల వైపు ఒక చేలో తీశాను. బోరు ఎండిపోయిన ఇంట్లో ఒక తల్లి కథ, 14 నిమిషాలు. డబ్బంతా కెమెరాకే పెట్టేశాను, మైకు సంగతి ఆలోచించలేదు. పైగా తీసింది ఆషాఢంలో. మా జిల్లాలో ఆ నెల గాలి ఎట్లుంటుందో మీకు తెలిసే ఉంటుంది, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే హోరు తప్ప ఒక్క మాట వినబడలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

నన్ను ఆదుకున్నది మా వీధిలో పెళ్ళిళ్ళకు మైక్ సెట్ వేసే కుర్రాడు. రెండు నిమిషాలు విని, “అక్కా, మైకు నోటికి జానెడు దూరంలో ఉండాల, దానికి బొచ్చు తొడుగు ఉండాల” అన్నాడు. మా నడిమింట్లో గోడలకు పరుపులు ఆనించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, బొమ్మ చూపిస్తూ మాటలన్నీ మళ్ళీ చెప్పించాడు. చివర్లో అందరినీ నిమిషం పాటు ఊరకుండమని ఆ నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేశాడు, మాటకూ మాటకూ మధ్య అతకడానికి. అతనికి సినిమా శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు. చెవి ఉంది, అంతే. ఈరోజు మా అందరి సినిమాలకూ శబ్దం అతనిదే.

అప్పటినుంచి ఊరిని వేరే కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. నాలుగు గంటల పెళ్ళి వీడియోను ఇరవై నిమిషాలకు కత్తిరించే ఎడిటర్లు ఉన్నారు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఉన్నారు. ఒకే చీరను కొత్తగానూ పాతగానూ కనబడేట్టు చేయగల టైలరమ్మ ఉంది. ఎవరి బోర్డు మీదా సినిమా అని రాసి ఉండదు, మనమే వెళ్ళి అడగాలి. నాటకాల వాళ్ళతో ఒక్క ఇబ్బంది, చివరి వరస దాకా వినబడేట్టు మాట్లాడతారు. “పక్క మంచంలో మనవడు నిద్రపోతున్నాడనుకో అన్నా” అని చెప్పాక సరిపోయింది.

ఒక ముఖ్యమైన సంగతి. పెళ్ళి ముహూర్తాలు ఉన్నప్పుడు వీళ్ళెవరూ దొరకరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు మనవి. అప్పుడు మనుషులూ ఖాళీ, లైట్లూ ఖాళీ, అద్దె కూడా తగ్గుతుంది. గాలి వల్ల ఆషాఢంలో ఆరుబయట సీన్లు పెట్టుకోకండి. పుష్యమాసం వెలుతురు మన నేల మీద చాలా బాగుంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు కెమెరాలో షట్టర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బొమ్మ మినుకుమనదు.

ఇక మనుషులు ఒకచోట నిలబడింది మాత్రం సినిమా తీయడం వల్ల కాదు, చూడడం వల్ల. ప్రతి నెలా రెండో శనివారం రాత్రి మా మిద్దె మీద అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి. తీసినవాళ్ళను అడిగి, ఒప్పుకున్న చిన్న సినిమాలే వేస్తాం. మొదటి నెల ఏడుగురు వచ్చారు, రెండో నెల ముగ్గురు. ఆ ముగ్గురి కోసం కూడా వేశాను. ఆ రోజు ఆపేసి ఉంటే ఇప్పుడు ఈ జవాబు రాసేదాన్ని కాదు. పెట్టుకున్న నియమం ఒక్కటే: చూసినవాళ్ళు అందరూ మాట్లాడే దాకా తీసినవాళ్ళు నోరు తెరవకూడదు.

నా మొదటి సినిమా వేసిన రాత్రి పక్కింటి పెద్దమ్మ అంది, “ఆ బిందెలో నీళ్ళు లేవు. నడుం చూస్తానే తెలిసిపోతాంది.” నిజమే, నటించిన అమ్మాయికి కష్టమని ఖాళీ బిందె ఇచ్చాను. బరువు లేకుండా ఆ కథకు అర్థమే లేదు. నిండు బిందెతో ఆ సీను మళ్ళీ తీశాను. పెద్దమ్మకు సినిమా తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మొదట్లో కాలేజీ పిల్లలు తెచ్చే కథలన్నీ కొడవళ్ళు, బాంబులే. మన సీమ అంటే అదే అని సినిమాలు వాళ్ళకు నేర్పాయి, అది నాకు చాలా బాధ. ఒకబ్బాయిని “మీ ఇంట్లో నిన్న ఏం జరిగింది?” అని అడిగాను. వాళ్ళ నాన్న బెంగళూరులో వాచ్‌మన్, పండక్కి వచ్చి తన ఇంట్లోనే చుట్టంలా కూర్చున్నాడని చెప్పాడు. అదే తీశాడు, మన యాసలోనే. మా మిద్దె మీద అంత నిశ్శబ్దం మళ్ళీ చూడలేదు.

తాడిపత్రిలో 1912లో పుట్టిన కె.వి. రెడ్డి గారు దర్శకుడు కాకముందు వాహిని అనే సినిమా సంస్థలో ప్రొడక్షన్ మేనేజర్. కడప జిల్లాలో పుట్టిన దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు 1974కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. స్టూడియోలూ ల్యాబులూ మద్రాసులో ఉన్న రోజులు కాబట్టి వాళ్ళు ఊరు వదలక తప్పలేదు. మనకు ఆ అవసరం లేదు.

అనుమతుల విషయం చిన్నగా చెబుతాను. గుత్తి కోట, లేపాక్షి లాంటివి కేంద్ర పురావస్తు శాఖవి, ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. హాల్లో టికెట్ పెట్టి వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. డబ్బు కట్టించుకుని అందరికీ అవార్డులిచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్‌కు రూపాయి పంపకండి. నేను పంపి పోగొట్టుకున్నాను, ఆ డబ్బుతో ఒక మంచి మైకు వచ్చేది.

కర్నూలు మాకు మూడు గంటల దూరమే. కథను రెండు పేజీల్లో రాసుకుని ఒక రెండో శనివారం రండి, చదివి వినిపించండి. పుష్యమాసంలో తీస్తానంటే మా మైకులు తీసుకెళ్ళండి. మా కుర్రాడు కూడా వస్తానంటున్నాడు.